తెగకూడని ధార

ఫ్రూమా నన్ను మోసం చేసి ముందే పోయింది. "నీకెందుకే ఎస్ట్రేయా బెంగ, నిన్ను నా చేత్తో కడిగి, బట్టలు తొడిగి పంపిస్తాగా" అని ఎన్నిసార్లు అందో! అంత మాటిచ్చిన మనిషి శుక్రవారం తెల్లారేసరికి మంచం మీద చల్లగా పడుంది. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది.

బులవాయో పట్నానికి పోయే రైలు దారిలో చిన్న ఊరు మాది. ఒకప్పుడు బజారు వీధిలో సగం కొట్లు మా యూదులవే. ఒక్కో ఇల్లే ఖాళీ అవుతూ వచ్చి, ఆడవాళ్ళలో చివరికి ఫ్రూమా, నేను మిగిలాం. మాలో ఆడమనిషి పోతే ఆడవాళ్ళే కడగాలి, అదీ మావాళ్ళే కడగాలి. ఏళ్ళ తరబడి ఊళ్ళో పోయిన ప్రతి ఆడమనిషినీ మేమిద్దరమే సాగనంపాం. శవాన్ని కడిగే బల్ల దగ్గర తప్ప మిగతా అన్నిచోట్లా పోట్లాడుకునేవాళ్ళం. చేప ఉండల్లో మిరియాలు గుప్పించేది మహాతల్లి. "మీ లిథువేనియా వాళ్ళకి నాలుకలు ఎప్పుడో కాలిపోయాయే" అనేదాన్ని. "మీ రోడ్స్ దీవి వాళ్ళకి ఆ నాలుక ఒక్కటే మిగిలింది" అనేది.

కడగడంలో ఒక చిక్కుంది. చివర్లో నిలువెల్లా పోసే నీళ్ళు ధార తెగకుండా పడాలి. ఒక బకెట్ ఖాళీ అయ్యేలోపే రెండోది, అది అయ్యేలోపే మూడోది మొదలవ్వాలి. తెగితే మళ్ళీ మొదటికొస్తుంది. ఒంటిమనిషి వల్ల అయ్యే పని కాదు. బులవాయోకి ఫోన్ చేశాను. అక్కడ మిగిలినవాళ్ళు నాకంటే ముసలివాళ్ళు, అందులో ఒకామె తుంటి విరిగి మంచంలో ఉందట. సాయంత్రం సబ్బాతు దీపాలు వెలిగాక శనివారమంతా మాకు పూడ్చడం నిషిద్ధం; ఆలోపు పూడ్చకపోతే ఫ్రూమా ఆదివారం దాకా అలా పడి ఉండాల్సిందే.

ఏం చెయ్యాలో తోచక ప్రార్థన మందిరం గేటు దగ్గర నిలబడి ఉంటే, వీపున పెద్ద సంచితో ఒక పిల్ల వచ్చింది. పేరు ఓర్లీ. ఆస్ట్రేలియా నుంచి వచ్చి, ఈ రైలు దారి చివరున్న పెద్ద జలపాతం చూడ్డానికి పోతూ దారిలో దిగిందట.

"లోపల ఫోటోలు తీసుకోవచ్చా అండీ? మా ముత్తాత పెళ్ళి ఇక్కడే అయిందట."

"అవన్నీ తర్వాత. మీ అమ్మ యూదురాలేనా?"

"అవునండీ. ఎందుకు?"

"శవాన్ని చూస్తే కళ్ళు తిరుగుతాయా?"

"ఎప్పుడూ చూడలేదు."

"అయితే ఇవాళ చూద్దువుగాని, రా."

దాని మొహం పాలిపోయింది. పారిపోతుందనే అనుకున్నాను. సంచి గోడకి ఆనించి, జుట్టు ముడేసుకుని, నా వెనకే వచ్చింది పాపం.

మందిరం వెనక గదిలో, బల్ల మీదున్న ఫ్రూమాని దుప్పటి పూర్తిగా తియ్యకుండా కొంచెం కొంచెంగా తుడిచి కడిగాం. ఓర్లీ ఆమె మీదుగా తువ్వాలు అందించబోయింది. "చుట్టూ తిరిగి రా! అక్కడున్నది బల్ల కాదు, మనిషి" అని గదమాయించాను. తర్వాత నేను మొదటి బకెట్ ఎత్తాను. పోస్తూ "ఆమె శుద్ధురాలు, ఆమె శుద్ధురాలు" అంటున్నాను. ఓర్లీ రెండో బకెట్ కోసం వంగేసరికి ఆలస్యమైంది.

"తెగింది" అన్నాను.

"ఒక్క క్షణమే కదండీ!"

"క్షణమైనా తెగిందే. నింపు మళ్ళీ."

నా భుజం ఊడిపడేలా ఉంది. రెండోసారి ఓర్లీ పెదవి కొరుక్కుని, నా బకెట్‌లో ఇంకా నీళ్ళుండగానే మొదలుపెట్టింది. మూడోది మళ్ళీ నేనెత్తాను. ఈసారి తెగలేదు. జేబులు లేని తెల్లబట్టలు తొడిగాక, "ఫ్రూమా, లీబర్ కూతురా, నీ గౌరవానికి లోటు చేసుంటే మమ్మల్ని క్షమించు" అని అడిగాను. అసలు నువ్వే నన్ను అడగాలే, దొంగదానా, అని మనసులో అనుకున్నాను.

పొద్దు వాలేలోపు పూడ్చేశాం. ప్రార్థన చదివింది మా మగవాళ్ళలో మిగిలిన ముసలి మోరిస్ ఒక్కడే. తిరిగొస్తుంటే ఓర్లీ నా మోచెయ్యి పట్టుకుంది.

"మరి మీకు ఎవరు చేస్తారండీ?"

నేను గేటు వైపు చూస్తూ నడిచాను.

"నేనొస్తాను. ఒట్టు."

"ఎలా వస్తావే పిచ్చిదానా? మాలో ఎవరైనా పొద్దున పోతే సాయంత్రానికి పూడ్చేస్తారు. నీ విమానం దిగేసరికి నా మీద మట్టి ఆరిపోయి ఉంటుంది."

నవ్వుతూనే అన్నాను. అది నవ్వలేదు. అబద్ధం చెప్పడం చేతకాక తల దించుకుంది. అప్పుడు, పొద్దుటి నుంచి దాచుకున్న మాట బయటికొచ్చేసింది.

"నన్ను కడిగేవాళ్ళు లేరే, ఓర్లీ. ఎవరూ లేరు."

శ్మశానం గేటు దగ్గర కుళాయి ఉంది. బయటికొచ్చేవాళ్ళు అక్కడ చేతులు కడుక్కోవాలి. ఓర్లీ రైలు టైమైపోతోంది. గబగబా తన చేతులు కడుక్కుని, చెంబు మళ్ళీ నింపి నాకు అందించింది. అక్కడ చెంబు చేతి నుంచి చేతికి ఇవ్వకూడదు. కింద పెట్టాలి, రెండో మనిషి తనంతట తను తీసుకోవాలి. ఒకరి దుఃఖం ఇంకొకరికి అంటకూడదని మా పద్ధతి. మాలో పసిపిల్లలకి కూడా తెలుసు. ఆ ఒక్క తప్పుకి నేనూ ఫ్రూమా కలిసి ఎంతమందిని చీవాట్లు పెట్టామో.

పిల్ల చెయ్యి చాపి అలాగే నిలబడింది. నీళ్ళు తొణికి దాని మణికట్టు మీదుగా కారుతున్నాయి.

"కింద పెట్టవే" అనబోయాను.

"ఇలా ఇవ్వమ్మా" అని, చేతికే అందుకున్నాను.