కోపం మోసే బండి

పొద్దున ఆరున్నరకి కండక్టరమ్మ మంచం దిగితే ఇంట్లో మిగిలిన ఇద్దరికీ తెలిసిపోయేది. అడుగుల చప్పుడు బట్టి ఆ రోజెలా గడుస్తుందో చెప్పేయొచ్చు. టపటపమంటే పర్వాలేదు. ధబ్‌ధబ్‌మంటే మాత్రం స్టవ్ మీద టీగిన్నె కదిలేది. కోడలు ఒక చేత్తో గిన్నె పట్టుకుని, రెండో చేత్తో కప్పులు గోడవారకి జరిపేది.

కోపమొస్తే ఆవిడ బరువెక్కేది. ఒళ్ళు పెరిగేది కాదు, బట్టలు బిగుతయ్యేవి కావు, బరువొక్కటే పెరిగేది. కొందరికి కోపమొస్తే కళ్ళెర్రబడతాయి, కొందరికి చేతులు వణుకుతాయి, ఈవిడకిలా. సిటీబస్సులో ముప్పై ఏళ్ళు కండక్టరుగా చేసింది. టికెట్టు కొనకుండా ఎవడైనా జనంలో నక్కితే బస్సు వెనక్కి ఒరిగిపోయేది. డ్రైవరు అద్దంలో చూసి, "ఎవడయ్యా వాడు? టికెట్టు తీసుకుని పుణ్యం కట్టుకో, టైర్లు పోతాయి" అని అరిచేవాడు.

అందుకే ఆ ఇంట్లో ఏ సామాను కొన్నా ఒక పద్ధతుండేది. కొట్లోనే ఆవిడని దాని మీద కూర్చోబెట్టి, కోపం తెప్పించి, ఆగుతుందో విరుగుతుందో చూసుకునేవాళ్ళు. కుర్చీకి చిన్న మాట చాలు. మంచానికి కాస్త పెద్దది. సోఫా కొన్నప్పుడు ఆవిడ చెల్లెలి ఊసెత్తాల్సొచ్చింది. ఆ మాటలనే పని కొడుకుది. అతనికి కళ్ళజోళ్ళ కొట్టుంది. నోట్లో నాలుక లేని మనిషి, కాబట్టి ముందే చీటీ మీద రాసుకుని వెళ్ళేవాడు.

కోడలు నర్సు. పెళ్ళయి పదకొండేళ్ళు. అత్తకీ కోడలికీ మొదటి రోజు నుంచీ ఉప్పూ నిప్పే. ఎందుకని అడిగితే ఇద్దరూ చెప్పలేరు. అడిగే ధైర్యం ఆ కళ్ళజోళ్ళాయనకి లేదు.

ఆసుపత్రి వాళ్ళు నర్సమ్మని కొండ మీద ఇళ్ళకి పంపేవాళ్ళు. మంచాన పడ్డ రోగులకి కట్లు మార్చాలి, సూదులివ్వాలి. ఎవరి బండి వాళ్ళదే. ఆమె పాత కారు కిందటి వారం నడిరోడ్డు మీద ప్రాణం వదిలేసింది. సోమవారానికల్లా ఇంకో బండి లేకపోతే కొండ పని వేరే నర్సుకిస్తారు, ఈమె మళ్ళీ ఆసుపత్రి కింది అంతస్తులో సామాన్ల గదికి పోవాలి. ఆ గదిలో ఇదివరకు నాలుగేళ్ళు చేసింది. కిటికీ లేదు. వానొచ్చిందో ఎండొచ్చిందో ఇంటికెళ్ళేటప్పుడు తెలిసేది.

"బండంటే చివరి స్టాపు చేరాలి," అంది కండక్టరమ్మ టీ తాగుతూ. బీరువా తాళాలు ఆవిడ నడుముకే ఉండేవి, మాటా ఆవిడదే. "మధ్యలో ఆగిపోయేది బండి కాదు."

"చేరితే చాలా అత్తయ్యా? రోజుకి నాలుగ్గంటలు అందులోనే ఉంటాను. నడపడం కాస్త బాగుండాలిగా."

"బాగుండటానికి నువ్వేమన్నా షికారుకెళ్తున్నావా?"

నర్సమ్మ టీగిన్నె తోమడం మొదలెట్టింది. ఒక ఇంట్లో పుండు కడిగి, ఇంకో ఇంట్లో పుండు కడగబోయే మధ్యలో ఆ మలుపులే ఆమెవి. అక్కడ ఎవరూ పిలవరు, ఎవరూ మూలగరు. చేతిలో స్టీరింగు, ముందు రోడ్డు. అది చెప్తే అత్తగారు దాన్ని కూడా లాక్కుంటుందని ఆమె భయం.

శనివారం ముగ్గురూ పాత కార్ల షెడ్డుకి వెళ్ళారు. షెడ్డాయన మెకానిక్కు కూడా. చేతులు గుడ్డకి తుడుచుకుంటూ రెండు బళ్ళు చూపించాడు.

"ఈ బూడిదరంగుది ఉందే, దీన్ని చెడిపోయిందని ఎవరూ అమ్మలేదమ్మా. విసుగుపుట్టి అమ్మారు. ఈ పసుపుదాన్ని అమ్మిన ముగ్గురూ ఏడుస్తూ అమ్మారు. ఇద్దరైతే మళ్ళీ వచ్చి చూసి వెళ్ళారు కూడా. కానీ దీంతో ఉంటే నెలకోసారి నా మొహం చూడక తప్పదు."

"నీ మొహం చూడ్డానికి మాకేం పనిలేదా?" అని కండక్టరమ్మ బూడిదరంగు దాంట్లో కూర్చుంది. "ఊఁ, కానియ్యరా."

కొడుకు జేబులోంచి చీటీ తీశాడు. "అమ్మా, నీకు ఈమధ్య చెవుడొచ్చినట్టుంది."

బండి నాలుగు వేళ్ళు కిందకి దిగింది.

"ఇంకోటి."

"నీ కంటే పిన్ని టీ బాగా పెడుతుంది."

ఇంకో రెండు వేళ్ళు దిగింది. ఎక్కడా కిర్రుమనలేదు. షెడ్డాయన వంగి చూసి, బాగానే ఉందన్నట్టు తలూపాడు.

"ఇదే," అంది కండక్టరమ్మ.

నర్సమ్మ దాన్ని షెడ్డు చుట్టూ తిప్పి తెచ్చింది. స్టీరింగు తిప్పితే ఆ సంగతి చక్రాలకి తెలిసేసరికి ఆఫీసులో అర్జీ కదిలినంత సేపు పట్టింది. తరవాత పసుపు బండెక్కింది. సీటు ఒంటికి కొలిచి కుట్టినట్టుంది. తిప్పాలనుకునేలోపే తిరిగింది. దిగినప్పుడు ఆమె మొహం చూసి మొగుడు, "అయ్యో," అన్నాడు. ఇక గొడవ తప్పదని అతనికి అర్థమైంది.

"నాకిది కావాలి," అంది నర్సమ్మ.

"రోడ్డు మధ్యలో ఆగితే ఆ రోగులకి కట్లు ఎవరు కడతారు? నీ సరదా కడుతుందా?"

"ఆగితే నేను చూసుకుంటాను."

"చూసుకుంటావు, పాతదాన్ని చూసుకున్నట్టు. పద, నేనూ వస్తాను. దీని బండారం కొండ మీదే బయటపడాలి."

ముందు సీట్లో అత్త, స్టీరింగు ముందు కోడలు, వెనక ఇరుకులో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కొడుకు. ఎక్కడం మొదలైంది. రెండో మలుపులో బండి నీళ్ళలో చేపలా తిరిగింది, నర్సమ్మ నవ్వేసింది. ఆ నవ్వు కండక్టరమ్మ ఇంట్లో పదకొండేళ్ళలో ఎప్పుడూ వినలేదు. వినగానే బరువెక్కింది. మూడో మలుపుకి ఇంజను మూలిగింది. ఐదో మలుపుకి బానెట్టులోంచి పొగొచ్చింది. పైకి ఇంకా రెండొందల అడుగులుందనగా బండి ఆగిపోయింది.

"చూశావా!" అంది కండక్టరమ్మ. "చెప్పానా లేదా? ముసలిదాని మాటంటే లెక్కలేదు. ఇప్పుడేమంటావు?"

గెలిచిన సంతోషం కదా, ఆవిడ బరువంతా దిగిపోయింది. దూదిలా తేలికయ్యి తల పైకప్పుకి తగిలింది. ఆ భారం తగ్గగానే ఇంజను తేరుకుంది. తాళం తిప్పితే మారు మాట్లాడకుండా స్టార్టయింది. నర్సమ్మ పళ్ళు బిగించి పైదాకా వెళ్ళి, వెనక్కి తిప్పింది.

దిగడం మొదలైంది. కండక్టరమ్మ ఈలేస్తోంది. తేలిక బండి, నిట్టనిలువు రోడ్డు. నర్సమ్మ బ్రేకు నొక్కింది. అది కాలి కింద నేలదాకా పోయింది, ఇక లేవలేదు. చేతి బ్రేకు లాగితే తెగి చేతిలోకొచ్చింది. కింది గేరు పడలేదు. కొండ కింద రోడ్డు తిన్నగా కూరగాయల మార్కెట్టులోకి పోతుంది. శనివారం, పొద్దున పదకొండు. తట్టలూ తలలూ చిన్నచిన్నగా కనపడుతున్నాయి.

"బ్రేకుల్లేవు," అంది నర్సమ్మ.

ఏం చెయ్యాలో కొడుక్కీ కోడలికీ ఒకేసారి తట్టింది. కొడుకు గబగబా చీటీ తీశాడు. "అమ్మా, నీకు మతిమరుపు..."

"ఇప్పుడా రా అనేది, వెధవా! బండి ఆపమను!"

ఆవిడ భయపడిపోయింది. భయానికి బరువులేదు. బండి ఇంకా వేగమందుకుంది.

నర్సమ్మ దగ్గర ఒక మాటుంది. కొండ మీద ఒక పాత బస్సు డ్రైవరు కాలి పుండుతో మంచాన పడి ఉన్నాడు. రెండేళ్ళ కిందట కట్టు కట్టించుకుంటూ, మీ అత్తగారి సంగతి తెలుసా అని మొదలుపెట్టాడు. ఆవిడ కొడుక్కి కూడా చెప్పని సంగతి అది. నర్సమ్మ ఆ రోజు నుంచీ దాన్ని వాడకుండా దాచుకుంది, ఎప్పటికైనా పనికొస్తుందని.

రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అంది. "మీరు డ్రైవరు పరీక్షకి ఏడుసార్లు వెళ్ళారు అత్తయ్యా. ఏడుసార్లూ బస్సు కదల్లేదు. పక్కన కూర్చున్నవాడు ఏదో అనడం, మీకు కోపం రావడం, చక్రాలు నేలకి అతుక్కోవడం. ఏడోసారి డిపో మొత్తం బయటికొచ్చి చప్పట్లు కొట్టింది. అప్పుడిచ్చారు మీకు విజిలు. ముప్పై ఏళ్ళు వెనక నిలబడి ఊదారు. చివరి స్టాపూ గిస్టాపూ అన్నీ దొంగమాటలు. మీకు రానిది నాకొచ్చింది. అదీ మీ ఏడుపు."

ముందు సీటు కుంగింది. తరవాత స్ప్రింగులు ఒకదాని తరవాత ఒకటి తెగాయి. టైర్లు పేలాయి. బండి పొట్ట రోడ్డుకి ఆని, తారుని నాగలిలా చీల్చుకుంటూ పోయి, మొదటి టమాటాల తట్టకి ఇరవై అడుగుల దూరంలో ఆగింది.

కొడుకూ కోడలూ దిగారు. కండక్టరమ్మని దింపడం ఎవరి వల్లా కాలేదు. మార్కెట్టు కూలీలు ఆరుగురు పట్టారు, చెయ్యి కూడా లేవలేదు. బరువు తగ్గేదాకా ఆగాలిగా మరి, అనుకుంటూ ఎవరి పనికి వాళ్ళు పోయారు. ఆవిడ ముందుకి చూస్తూ మూడు గంటలు అలాగే కూర్చుంది. నర్సమ్మ రోడ్డవతల నిలబడింది. జనం ప్రాణాలు నిలిచాయి, అయినా ఆమె బండి దగ్గరికి రాలేదు. ఆ మాట అనేటప్పుడు తనకి భయం కంటే హాయే ఎక్కువ కలిగిందని ఆమెకి తెలుసు.

షెడ్డాయన వచ్చి బండి చుట్టూ తిరిగి తల పట్టుకున్నాడు.

"ఇది బాగవుతుందా?" అని అడిగింది కండక్టరమ్మ. మూడు గంటల్లో అదే మొదటి మాట.

"బ్రేకులూ స్ప్రింగులూ టైర్లూ అన్నీ కొత్తవెయ్యాలమ్మా. అవుతుంది."

"వెయ్యి. ఆ బూడిదరంగుది సోమవారానికల్లా ఈవిడకిచ్చెయ్. ఉద్యోగం పోకూడదు. ఇది నాకు."

"మీకా? నడపడం..."

"నువ్వు నేర్పుతావు. ఇంట్లో అందరికీ తెలిసిపోయిందిగా, ఇంకెవరికి దాచాలి?"

అంటూ ఉండగానే ఆవిడ కింద సీటు మెల్లగా పైకి లేచింది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగింది.

"అత్తయ్యా, ఆ బండి నేను ముందు..."

"నువ్వు అనాల్సింది అనేశావమ్మా. ఇక నీకు నేనేం బాకీ లేను."

"పోనీలే, రెండూ మంచి బళ్ళే," అన్నాడు కళ్ళజోళ్ళాయన. ఆ ఇద్దరూ మొదటిసారి కలిసి ఒకే పని చేశారు. అతని వంక తినేసేలా చూశారు.

బూడిదరంగు బండి ఒక్కరోజూ మొరాయించలేదు. వానలో, పొగమంచులో, తాళం తిప్పగానే కదిలింది. కొండ పని నర్సమ్మకే ఉండిపోయింది. కండక్టరమ్మ నాలుగు నెలల్లో నడపడం నేర్చింది. షెడ్డాయన పక్కన కూర్చుని ఎన్ని తిట్టినా ఆవిడ బరువెక్కలేదట. ఇప్పుడు మధ్యాహ్నాలు ఒక్కతే కొండెక్కుతుంది, పనేమీ లేకుండా. రెండో మలుపు దగ్గర వెనక నుంచి హారను మోగుతుంది. నర్సమ్మ పక్కకి తప్పుకుంటుంది. పసుపు బండి నేలకి తగిలీ తగలనట్టు దూసుకుపోతుంది. అత్తగారు ఇటు చూడదు. నవ్వు మాత్రం కిటికీలోంచి వినబడుతుంది.

ఏడాది తరవాత బూడిదరంగు బండి డ్రైవరు వైపుకి ఒరిగింది. నర్సమ్మ షెడ్డుకి తీసుకెళ్ళింది. షెడ్డాయన కింద పడుకుని చూశాడు, లేచి ఆమెనీ చూశాడు. మనిషి ఎప్పట్లాగే సన్నగా ఉంది.

"ఎన్నాళ్ళనించి నర్సమ్మా?"

ఆమె తాళం కోసం చెయ్యి చాపింది.

"ఏం భయంలేదు," అన్నాడతను చేతులు తుడుచుకుంటూ. "వేరే బండైతే కష్టం. ఇది మోస్తుంది. మీరెంతున్నా మోస్తుంది."

ఆమె ఎక్కి తలుపేసుకుంది. పైన ఎనిమిదిమంది కట్లు మార్పించుకోవాలి. ఆ రోజు కూడా బండి సరిగ్గా టైముకి చేరింది.