ముప్పై తొమ్మిదవ పదం

ఆ ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు భవానీపురం పఠన మందిరం మేడమీది గదిలో హాజరైనవారు, కూర్చున్న వరుసలో: మొదట, కిటికీ పక్కన చేతుల కుర్చీలో, డిగ్రీ కళాశాలలో ముప్పై నాలుగేళ్లు ఇంగ్లీషు బోధించి పదవీ విరమణ చేసిన వీరభద్రరావుగారు; ఆయన కుడిపక్క, అదే కళాశాలలో తెలుగు చెప్పిన జ్ఞానప్రసూనాంబగారు; ఎదురుగా, కోచింగ్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పే పాల్; చిట్టచివర, గుమ్మం దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో, వన్ టౌన్‌లో నాటకాల దుస్తులు అద్దెకిచ్చే జక్కయ్య. ఈ వరుసను నిర్ణయించింది వీరభద్రరావుగారే.

పదకొండేళ్లు శ్రమించి ఆయన రాసిన పుస్తకం అచ్చుకు పోవడానికి ఒక్క మెట్టు మిగిలింది. పద్యానికీ, నాటకానికీ, నవలకూ సంబంధించిన ముప్పై తొమ్మిది పదాలను విద్యార్థులకు విడమరచి చెప్పే పుస్తకం అది. మందిరం తరఫున వెలువడే ప్రతి పుస్తకమూ హాజరైన సభ్యులందరికీ అర్థమై తీరాలని నిబంధన ఉంది. ఆ నిబంధన రాసినవారూ వీరభద్రరావుగారే. రాసిననాడు జక్కయ్య సభ్యుడవుతాడని ఆయన కలలో కూడా అనుకోలేదు.

నాలుగు ఆదివారాలలో ముప్పై ఎనిమిది పదాలు గట్టెక్కాయి. మెటఫర్‌ను, రూపకాలంకారమని చెప్పి, ప్రసూనాంబగారు రెండు నిమిషాల్లో దాటించారు. డ్రమటిక్ ఐరనీకి మాత్రం ఒక పూట పట్టింది. ప్రేక్షకుడికి తెలిసినది పాత్రకు తెలియకపోవడమని వీరభద్రరావుగారు వివరిస్తే, "పక్కనుంచి పద్యం అందించేవాడికి తెలిసింది రాజుగారికి తెలవకపోవడం మా నాటకాల్లో రోజూ ఉండేదేనండీ" అన్నాడు జక్కయ్య.

ఇక మిగిలింది విల్లింగ్ సస్పెన్షన్ ఆఫ్ డిస్‌బిలీఫ్. అబద్ధమని ఎరిగి ఉండీ, చూస్తున్నంతసేపూ నమ్మడానికి మనసు ఒప్పుకోవడం. వీరభద్రరావుగారు గొంతు సవరించుకుని చదివారు.

"ఐచ్ఛిక అవిశ్వాస నిలుపుదల. కల్పిత రచనను ఆస్వాదించువాడు తన అవిశ్వాసమును బుద్ధిపూర్వకముగా నిలిపివేయుట. ఈ భ్రాంతి ఒక్కసారి భగ్నమైనచో మరల నెలకొనదు."

"అవిశ్వాసమంటే పంచాయతీ ప్రెసిడెంటు మీద పెట్టేదే గదా మాస్టారూ?" అన్నాడు జక్కయ్య.

వీరభద్రరావుగారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. "కాదు."

"మరి నిలిపేసిందెవరు? కలెక్టరుగారా?"

పాల్ నవ్వు దిగమింగుకున్నాడు. "మా పిల్లలకీ ఇదే ఇబ్బంది సార్. డెఫినిషన్ బట్టీ కొడతారు, ఎగ్జాంపుల్ అడిగితే తెల్లమొహం వేస్తారు. ఒక్క ఎగ్జాంపుల్ పెట్టేయండి సార్."

"నిర్వచనం సరిగ్గా ఉన్నచోట ఉదాహరణ దేనికి? కాళ్లు బాగున్నవాడికి ఊతకర్ర ఎందుకయ్యా?"

"ఊతకర్ర మీ చేతిలోనే ఉంది రావుగారూ" అన్నారు ప్రసూనాంబగారు.

ఆయన చేతికర్రను కుర్చీ వెనక్కి జరిపారు. "జక్కయ్యా, నీకు ఏ ముక్క అర్థం కాలేదో చెప్పు. విసిగించకు."

"ఆఖరి ముక్క అర్థమైందండీ. భ్రాంతి చెడితే మళ్లీ రాదని. అది తప్పండీ."

ముప్పై నాలుగేళ్లలో ఆయన పాఠాన్ని తప్పన్నవాడు లేడు. "తప్పా?"

"కంకిపాడులో నాటకం. రాజు వేషం నాది. బాణం తగిలి, పద్యం పాడి, చచ్చిపోయా. జనం వన్స్ మోర్ అన్నారు. లేచా, కిరీటం సర్దుకున్నా, మళ్లీ పాడా, మళ్లీ చచ్చా. మొదటిసారి ముక్కు చీదినోళ్లు రెండోసారి బావురుమన్నారు. చచ్చినోడు లేచి నిలబడ్డం కళ్లారా చూసినోళ్లేగా వాళ్లంతా! ఓ ముసలమ్మ తెర వెనక్కి మజ్జిగ పట్టుకొచ్చి, 'తాగు నాయనా, మూడోసారి అడిగినా చావమాక' అంది."

"అది మోటుతనం! చచ్చినవాడు లేచినప్పుడే భ్రాంతి భగ్నమైంది. తర్వాత ఏడ్చింది అలవాటు కొద్దీ!"

"వాదనెందుకు?" అన్నారు ప్రసూనాంబగారు. "జక్కయ్యగారూ, ఆ పద్యం గుర్తుందా?"

సభా కార్యక్రమంలో పద్యపఠనం లేదని వీరభద్రరావుగారు అభ్యంతరం చెప్పేలోపే జక్కయ్య లేచి, తువ్వాలును ఉత్తరీయంలా భుజాన వేసుకున్నాడు. "ఇది నాటకం మాస్టారూ, ముందే చెబుతున్నా. నాకు బీపీ కూడా లేదు."

డెబ్బై రెండేళ్ల గొంతు మొదట తుప్పు రాల్చింది. తర్వాత తెరుచుకుంది. కింద రోడ్డు మీద ఆటోల హారన్లు ఎక్కడో దూరంగా ఉండిపోయాయి. చివరి పాదంలో చెయ్యి గుండెమీదికి పోయింది, మోకాళ్లు సడలాయి, మనిషి గుమ్మానికి ఆనుకుని జారిపోయాడు. తల వాలింది.

"జక్కయ్యా!" వీరభద్రరావుగారు నిలబడి ఉన్నారు. చేతిలో మంచినీళ్ల గ్లాసు ఉంది. "పాల్, చూస్తావేం? డాక్టరుకు ఫోన్ చెయ్యి!"

జక్కయ్య ఒక కన్ను తెరిచాడు. "ఇంకా రాగం మిగిలి ఉందండీ మాస్టారూ."

పాల్ పకపకా నవ్వాడు. వీరభద్రరావుగారు కూలబడ్డారు, నీళ్లు సగం పంచె మీద ఒలికాయి. జక్కయ్య మీద, పాల్ మీద, అన్నిటికంటే ఆ గ్లాసు మీద ఆయనకు ఒళ్లు మండింది. "ఇది నమ్మడం కాదు, పొరబడడం! నేను ఏమరుపాటున ఉన్నాను. నా పదానికీ దీనికీ సంబంధం లేదు."

"అయితే వన్స్ మోర్" అన్నారు ప్రసూనాంబగారు. "ఈసారి ఏమరుపాటు ఉండదు గదా."

జక్కయ్య పంచె దులుపుకుని పద్యం మళ్లీ ఎత్తుకున్నాడు. వీరభద్రరావుగారు గ్లాసును కిటికీలో పెట్టి రాయిలా కూర్చున్నారు. ఎక్కడ గొంతు వణుకుతుందో, ఎప్పుడు గుమ్మానికి ఆనుకుని జారతాడో ఆయనకు తెలుసు. అలాగే వణికింది. అలాగే జారాడు.

ఆయన కిందికి చూసుకున్నారు. ఈసారి లేవలేదు, కేక వేయలేదు, పొరబడనూ లేదు. అయినా కుడిచెయ్యి కిటికీలోని గ్లాసును అందుకుని గట్టిగా పట్టుకుని ఉంది.

ఎవరూ గమనించలేదు. ప్రసూనాంబగారు కళ్లు ఒత్తుకుంటున్నారు, పాల్ గుమ్మం వైపే చూస్తున్నాడు. గ్లాసు దించేస్తే సరిపోయేది. వీరభద్రరావుగారు లేచి, నడిచి వెళ్లి, దాన్ని జక్కయ్య చేతికిచ్చారు.

"తాగు. మూడోసారి ఎవరూ అడగరు."

తిరిగి వచ్చి, ఎర్ర కలంతో ఆఖరి వాక్యాన్ని కాగితం చిరిగేలా కొట్టేసి, దాని పక్కన రాస్తూ పైకి చదివారు: "భ్రాంతి భగ్నమైనను, ప్రేక్షకుడు కోరినచో మరల నెలకొనును." తల ఎత్తి కసిరారు. "ఇప్పుడైనా అర్థమైందా?"

"నాకు మొదట్నుంచీ అర్థమయ్యే ఉందిగదండీ" అన్నాడు జక్కయ్య, గ్లాసు ఖాళీ చేస్తూ.

పుస్తకం ముందుమాటలో చివరి పేరా ఇలా అచ్చయింది:

"ముప్పై తొమ్మిదవ పదానికి గ్రంథకర్త ముప్పై నాలుగు సంవత్సరములు బోధించిన నిర్వచనంలోని దోషమును ఎత్తిచూపి, దానిని నిరూపించుటకై ఒకే మధ్యాహ్నం రెండు పర్యాయములు మరణించిన రంగస్థల నటులు శ్రీ జక్కయ్యగారికి గ్రంథకర్త తన కృతజ్ఞతను ఇందుమూలముగా తెలియజేయుచున్నాడు."