ఎవరూ చూడని వీధి

"తప్పు సైలెన్సర్‌ది కాదు. ఈ వీధిని పళ్ళెంలో పెట్టి వాడి చేతికిచ్చిన మీది. మందులషాపు అన్నా, నీది. సెలూన్ తమ్ముడూ, నీది. అదిగో, నాకేం సంబంధం అన్నట్టు గోడకానుకుని నిలబడ్డాడే మా అన్నయ్య, అందరికంటే ముందు ఆయనది."

దర్జీ అక్క ఈ మాటలు అన్నది మధ్యాహ్నం అన్నాల వేళ, తన కుట్టుషాపులో. కాస్త మాట్లాడాలి రమ్మని కబురు పెడితే మురిక్కాలవ గురించేమో అనుకుని వచ్చినవాళ్ళు గుడ్డల మూటల మీద, ఇస్త్రీ బల్ల అంచున సర్దుకుని కూర్చున్నారు. ఇలా మొహం మీద కొడుతుందని ఎవరూ అనుకోలేదు. ఒకాయన లేచి చెప్పుల కోసం వెతుక్కున్నాడు. అక్క కుట్టుమిషన్ గుమ్మానికి అడ్డంగా జరిపి పెట్టి ఉంది. మళ్ళీ కూర్చున్నాడు.

సైలెన్సర్ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. బండికి సైలెన్సర్ పీకి పారేసి ఊరంతా అదరగొట్టుకుంటూ తిరుగుతాడు కాబట్టి ఆ పేరు. వాడి వెనక ఒక బ్యాచ్. పొద్దుగూకే వేళ ఆ బండ్ల మోత వంతెన మీద వినపడిందంటే చాలు, ఈ వీధిలో షట్టర్లు ఒకదాని వెంట ఒకటి దడదడా పడిపోయేవి. ఎవరూ ఎవరికీ చెప్పుకునేది లేదు. చెయ్యి దానంతట అదే పైకి లేచేది, కొక్కెం పట్టుకునేది, లాగేసేది. సెలూన్‌లో సగం గడ్డం గీసిన మనిషి మిగతా సగం నురగతో చీకట్లో కూర్చునేవాడు. మందులషాపులో జ్వరం బిడ్డను ఎత్తుకున్న తల్లి కూడా లోపలే ఇరుక్కునేది. బయట ఏదో పగిలేది. ఎవరో అరిచేవారు. ఆ తర్వాత మోత దూరమయ్యేది, షట్టర్లు లేచేవి, కత్తెరలు మళ్ళీ ఆడేవి.

మర్నాడు ఇన్‌స్పెక్టర్ వచ్చి ఎవరు చూశారని అడిగేవాడు. ఎవరూ చూడలేదు. అది అబద్ధం కూడా కాదు. అబద్ధం చెప్పే అవసరమే లేకుండా చేసుకున్నారు వీళ్ళు. చూసినవాడు ఒక్కడున్నా లోపల వేసేవాణ్ణని చెప్పి ఆయన చేతులు దులుపుకునేవాడు. వీధి లైటు పగిలిపోయిందంటే, వేసినా ఆ కుర్రాళ్ళు మళ్ళీ పగలగొడతారు కదా, ఎందుకు వెయ్యడం అన్నారు మున్సిపాలిటీవాళ్ళు. ఇలా ఒకరి మీద ఒకరు తోసుకుంటూ ఊరంతా హాయిగా ఉంది, దెబ్బలు తిన్నవాడు తప్ప.

ఇందులో అక్క సొంత అన్నయ్యది ప్రత్యేకమైన పాత్ర. ఆయన ఈ వీధిలోనే షాపున్న షట్టర్ల మెకానిక్. పిల్లలందరికీ షట్టర్ మామ. వీధిలో ప్రతి షట్టర్‌కీ స్ప్రింగు బిగించి, నూనె పెట్టి, వేలు తగిలిస్తే జారేలా చేసింది ఆయనే. ఇంత తేలిగ్గా దిగే షట్టర్ ఇంకే ఊళ్ళోనైనా చూపించమని మీసం దువ్వుకునేవాడు.

మందులషాపాయనకి ఉక్రోషం వచ్చింది. "మా సంగతి సరే అక్కా. ఆ కుర్రాళ్ళ పేంట్లకి లోపల పొడుగు జేబులు కుట్టింది ఎవరు? మేమా?"

దర్జీ అక్క తప్పించుకోలేదు.

"నేనే. ఎందుకని అడగకుండా కుట్టాను. ఇప్పుడు అది నా ఇంటికే వచ్చింది." అంటూ ఆమె బల్ల కింద నుంచి ఒక పేంటు తీసి అందరి ముందూ పరిచింది.

అది చిన్నోడిది, ఆమె కొడుకుది. మీసం ఇంకా సరిగ్గా రాలేదు. తండ్రి లారీ మీద ఊళ్ళు పట్టుకుని తిరుగుతూ ఎప్పుడో ఒకసారి మొహం చూపించే మనిషి. నిన్న వాడు ఈ పేంటు తెచ్చి, కుడికాలికి లోపలివైపు జేబు కావాలన్నాడు. ఎందుకురా అంటే ఫోన్ పెట్టుకోవడానికన్నాడు. ఎంత పొడుగు కావాలంటే తొడ దగ్గర నుంచి మోకాలి దాకా చూపించాడు. అంత పొడుగు ఫోన్ ఎక్కడా తయారవదు. ఆమె టేపు మెడలో వేసుకుని కొడుకు కళ్ళలోకి చూసింది. వాడు చూపు తిప్పేసుకున్నాడు.

తల్లీకొడుకులు ఆ పూట గట్టిగానే అరుచుకున్నారు. నిజం కక్కేదాకా ఆమె వదల్లేదు. వీధిలో పరదా కింద టైర్లు బాగుచేసే పంక్చర్ తాత, సైలెన్సర్ బ్యాచ్ ఇనపరాడ్లు తన పెట్టెలో దాచనన్నాడు. మొహం మీదే అన్నాడు. అందుకు ఆ ముసలాయనకి బుద్ధి చెప్పాలి. చెప్పేది చిన్నోడు. కొత్తగా చేరినవాడిచేత, వాడికి బాగా తెలిసిన మనిషినే మొదటి దెబ్బ కొట్టించడం వాళ్ళ పద్ధతి. ఆ దెబ్బ పడ్డాక వాడు మళ్ళీ వీధి మొహం చూడలేడు. ఇక ఎక్కడికీ పోడు, వాళ్ళ మనిషే.

నీకు వాళ్ళతో ఏం పనిరా అని ఆమె అడిగితే వాడన్న మాట ఆమెకి ముల్లులా దిగిపోయింది. "వాళ్ళు రారా తమ్ముడూ అని పిలిచారమ్మా. ఈ వీధిలో నన్ను ఇంకెవరు పిలిచారు? షాపు మెట్టు దగ్గర నిలబడితే, ఏంట్రా ఇక్కడ, పో, అన్నవాళ్ళే అందరూ."

జేబు ఆమె కుట్టలేదు. వాడు ఉన్న పేంటుతోనే విసురుగా వెళ్ళిపోయాడు. రాత్రి ఇంటికి రాలేదు.

ఇదంతా చెప్పి అక్క పేంటు మడిచి పక్కన పెట్టింది. గుమ్మం అవతల మెట్టు మీద కూర్చున్న పంక్చర్ తాత గొంతు సవరించుకున్నాడు. తన ఒంటికి ఎలాగూ రోజూ నొప్పులేననీ, ఇంకో దెబ్బ పడితే లెక్కలోకి రాదనీ, కుర్రాడి సంగతి చూడమనీ అన్నాడు. ఆ మాటకి సెలూన్ తమ్ముడు తల దించుకున్నాడు.

అక్క అడిగింది ఒక్కటే. బండ్లు వచ్చినప్పుడు షట్టర్ దించొద్దు. కర్రలెత్తమనలేదు, తిట్టమనలేదు. తెరిచి ఉంచి, బయటికి వచ్చి, చూడండి. అంతే. అందరూ సరేనన్నారు. మందులషాపాయనైతే ఛాతీ విరిచి, తన షట్టర్ దిగితే పేరు మార్చుకుంటానన్నాడు. షట్టర్ మామ చెల్లెలి భుజం తట్టాడు.

ఆ సాయంత్రం వంతెన మీద మోత వినపడింది.

అన్నిటికంటే ముందు పడింది షట్టర్ మామ షట్టరే. దాని వెంట సెలూన్‌ది, దాని వెంట మందులషాపుది. క్షణంలో వీధి మొత్తం రేకుల గోడ అయిపోయింది. అక్క వీధి మధ్యలో ఒక్కతే మిగిలింది. ఆమెకి అటుపక్కన, షట్టరే లేని టార్పాలిన్ పరదా కింద, నీళ్ళ తొట్టి ముందు పంక్చర్ తాత.

బండ్లు ఆగలేదు, వేగం తగ్గించాయి. సైలెన్సర్ కాలు చాచి ఆ తొట్టిని తన్నాడు. నీళ్ళు తాత ఒళ్ళంతా పడ్డాయి. రేపు వస్తాం తాతా, రెడీగా ఉండు, అని నవ్వుకుంటూ పోయారు. చివరి బండి వెనక కూర్చున్న చిన్నోడు తల్లిని చూసి కూడా చూడనట్టు తల తిప్పుకున్నాడు. ఆమె కొడుకు వీపు కేసి చూస్తూ నిలబడింది. ఆ బండి దిగడానికి పిల్లాడికి ఇంకా ఒక్క రోజు ఉంది.

షట్టర్లు లేచాక ఒక్కొక్కరూ నీళ్ళు నమలడం మొదలుపెట్టారు. ఏమైందో తెలీదన్నారు, చెయ్యి ఆగలేదన్నారు. సెలూన్ తమ్ముడు, ఇప్పటి నుంచి నిన్ను ఏ పేరుతో పిలవాలన్నా అని మందులషాపాయనని అడిగి తిట్లు తిన్నాడు. అక్క ఎవరినీ ఏమీ అనలేదు. తాతకి తన షాపులోంచి పొడి తువ్వాలు తెచ్చి ఇచ్చింది. ఆమె తిట్టి ఉంటే అన్నకి అంత సిగ్గు వేసేది కాదు.

"తప్పు మనసుది కాదు చెల్లీ, చేతిది. ఈ చేతికి నేర్పింది నేనే. మాటలతో అది వినదు," అన్నాడాయన.

మర్నాడు పొద్దున్నే డ్రిల్లింగ్ మిషన్ భుజాన వేసుకుని ఆయన వీధి మొదట్లో మొదలుపెట్టాడు. షట్టర్ పైకెత్తి ఉన్నప్పుడు అటూ ఇటూ ఉండే పట్టీలకి రంధ్రం వేసి, లావుపాటి బోల్టు దూర్చి, నట్టు బిగించాడు. ఇక ఏనుగు వేలాడినా ఆ షట్టర్ దిగదు. స్పానర్ తన జేబులో వేసుకున్నాడు. రాత్రి తాళం ఎలా వేసుకోవాలని మందులషాపాయన గోల పెడితే, షాపు కట్టేసే వేళ పిలువు, నేనే వచ్చి విప్పుతాను, అన్నాడు. బోల్టు వద్దని ఒకరిద్దరు అడ్డం పడ్డారు. వద్దంటే ఇకమీదట నీ స్ప్రింగు తెగితే నన్ను పిలవకు అన్నాడు. వాళ్ళూ పక్కకి తప్పుకున్నారు. ఇది బతిమాలే సమయం కాదని ఆయనకి తెలుసు.

పొద్దు వాలింది. మోత వినపడింది.

చేతులన్నీ లేచాయి. కొక్కేలన్నీ పట్టుకున్నాయి. లాగారు. ఏ షట్టరూ కదల్లేదు. మందులషాపాయన రెండు చేతులతో వేలాడి, కాళ్ళు నేలకి ఆనక గిలగిలా కొట్టుకుంటుంటే, ఆయన దగ్గర మాత్రలు కొంటున్న పెద్దావిడ ముందు తెల్లబోయి, తర్వాత నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు పక్క షాపుకి పాకింది. నవ్వాక దాక్కోవడం కష్టం. ఆయన కిందికి దిగి, చొక్కా సర్దుకుని, మొహం గంభీరంగా పెట్టుకుని మెట్టు దిగాడు. సెలూన్ తమ్ముడు చేతిలో దువ్వెనతో వచ్చాడు, అతని వెనక సగం గడ్డంతో కస్టమర్. ఒక్కొక్కరుగా వీధంతా బయటికి వచ్చి నిలబడింది.

బండ్లు తాత పరదా ముందు ఆగాయి. సైలెన్సర్ వీధిని అటూ ఇటూ చూశాడు. ఇన్నాళ్ళూ వాడు రేకుల మధ్యే తిరిగాడు. ఇన్ని మొహాలు ఒక్కసారి ఎప్పుడూ చూడలేదు. అయినా వెనకడుగు వేస్తే బ్యాచ్ ముందు పరువు పోతుంది. చిన్నోణ్ణి దిగమని తల ఊపాడు.

చిన్నోడు దిగాడు. చేతిలో ఇనపరాడ్. అది వాడి చేతికి చాలా పెద్దది. తాత తొట్టి ముందు నుంచి లేవలేదు.

అక్క పరిగెత్తలేదు, ఏడవలేదు. కొడుక్కి ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"కొడితే కొట్టు. నేను చూస్తున్నాను. స్టేషన్‌కి వెళ్ళి నా కొడుకు కొట్టాడని నేనే చెప్తాను. నిన్ను కన్నాను కాబట్టి చెప్తాను."

"నేనూ చూస్తున్నాన్రా," అన్నాడు షట్టర్ మామ.

నేను కూడా అన్నాడు సెలూన్ తమ్ముడు. మందులషాపాయన నోరు తెరిచాడు, మాట రాలేదు, మళ్ళీ తెరిచాడు. చూస్తున్నాను, సైలెన్సర్, నిన్ను కూడా చూస్తున్నాను, బండి నంబరుతో సహా, అన్నాడు. ఆ తర్వాత ఆ మాట వీధి ఆ చివరిదాకా పోయింది. సగం గడ్డం మనిషి కూడా అన్నాడు.

చిన్నోడి రాడ్ లేవలేదు. కిందికీ పడలేదు. వాడు ఎటూ కదల్లేక నిలబడిపోయాడు, కళ్ళు నిండిపోయాయి. వెనక నుంచి సైలెన్సర్ బూతులు తిడుతున్నాడు. అప్పుడు తాత చెయ్యి చాచాడు.

"ఇటియ్యి మనవడా. ట్రాక్టర్ టైరు ఊడదియ్యడానికి ఇలాంటిది లేక నడుం పోతోంది. ఇటు పట్టుకో, ఆ అంచు నొక్కు."

వాడు కూలబడ్డాడు. తాత చూపించిన చోట టైరు అంచు కింద రాడ్ దూర్చి నొక్కాడు. టైరు ఊడింది. తాత దాన్ని తన పక్కకి లాక్కున్నాడు, రాడ్‌తో సహా.

సైలెన్సర్ కాసేపు బండి ఉత్తినే మోగించాడు. షట్టర్లేవీ పడలేదు. అందరూ చూస్తూనే ఉన్నారు. వాడు బండి తిప్పాడు. మళ్ళీ వస్తాం అన్నాడు గానీ, ఎప్పుడొస్తాడో ఈసారి చెప్పలేదు. మిగతా బండ్లు కూడా తిరిగాయి. ఒక బండి మీది కుర్రాడు వీధిమలుపు దాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు.

వీధికి ఊపిరి వచ్చింది. ఒకరి వీపు ఒకరు చరుచుకున్నారు. మనమంటే ఏమనుకున్నాడు వాడు అని మందులషాపాయన అప్పుడే కథ పెంచడం మొదలుపెట్టాడు. షట్టర్ మామ స్పానర్ తీశాడు. పొద్దుపోయింది, కుర్రాణ్ణి ఇంటికి తీసుకెళ్ళక్కా అన్నారు కొందరు.

దర్జీ అక్క కదల్లేదు. ఒక చేత్తో కొడుకు చొక్కా పట్టుకుని ఉంది. వదిలితే వాడు ఏమైపోతాడో అన్నట్టు.

"ఎక్కడికి తీసుకెళ్ళను? ఇంట్లో కట్టేసి పెట్టనా? రేపు మధ్యాహ్నం వాడు సందు చివర నిలబడి రారా తమ్ముడూ అంటే వీడు మళ్ళీ పోడా? స్టేషన్‌కి ఇప్పుడే పోదాం. మనందరం చూశామని చెప్దాం, సాయంత్రం పోలీసు ఇక్కడ నిలబడాలని అడుగుదాం, లైటు వెయ్యమని మున్సిపాలిటీ గుమ్మం ముందు కూర్చుందాం. అదంతా నేను వదలను. కానీ ముందు నాకు ఇది చెప్పండి. రేపు పొద్దున వీడు ఎవరి షాపు మెట్టెక్కాలి?"

తనతో తీసుకెళ్తానని షట్టర్ మామ ముందుకొచ్చాడు.

"నువ్వు మేనమామవి అన్నయ్యా, నువ్వెలాగూ తీసుకుంటావు. నిన్నడగలేదు." ఆమె తలెత్తి వీధి వైపు చూసింది. "ఆ బండ్ల మీద ఉన్నవాళ్ళంతా మన పిల్లలే. వాళ్ళకి మేనమామలు లేరు. ఒక్కొక్కర్ని ఒక్కొక్క షాపు పిలవాలి. ఆ సైలెన్సర్ పిలిచేలోపే పిలవాలి. మందులషాపు అన్నా, వీణ్ణి పో అన్నది మొదట నువ్వే. రేపు పొద్దున షాపు తెరవగానే వీణ్ణి పనికి రమ్మంటావా, లేదా? అందరూ వింటున్నారు. ఇప్పుడే చెప్పు."