కికునామి ముక్కు ముద్ర

ముసలి ఆవు కికునామిని లారీ ఎక్కించి మూడు వారాలైంది. ఇవాళ దాని తొమ్మిది నెలల పెయ్యను సంతకు పంపాలని తొకియె పొద్దున్నే దాని ఒళ్లు బ్రష్‌తో రుద్దుతోంది. ఆ తల్లి సంతానంలో మిగిలింది ఇదొక్కటే. ఇదీ పోతే ఆ కొట్టంలో ఆ వంశం ఇక ఉండదు.

జపాన్‌లోని ఈ తాజిమా కొండల్లో ఆవు విలువ దాని ఒంటి మీద కనిపించదు. దూడను అమ్మాక ఎవరో రెండేళ్లు మేపి, కోయించి, పక్కటెముకల దగ్గర మాంసం చూస్తేగాని తల్లి ఎలాంటిదో తేలదు. ఎర్రటి కండ నిండా వెంట్రుకల్లాంటి తెల్లని కొవ్వు చారలుండాలి. కికునామి మొదటి ఐదు దూడల్లో ఆ చారలు లేవు. తొడలు మాత్రం దిట్టంగా ఉండేవి.

"తల్లిలోనే లేనిది పిల్లలకి ఎక్కణ్ణుంచి వస్తుందే?" అనేవాడు భర్త గెంజో. ఆయన పోయి రెండేళ్లయినా తొకియె ఆ మాట వదల్లేదు. పశుపోషకుల సంఘం వాళ్లు తీసెయ్యమనగానే పద్నాలుగేళ్లు తన చేతి మేత తిన్న ఆవును కోతకు పంపేసింది. వెళ్లేటప్పుడు దాని కళ్లలోకి కూడా చూడలేదు.

"పెద్దమ్మా! ఆగు, ఆగు!" ఆవులు చూలు కట్టడానికి ఆబోతు వీర్యంతో ఎదసూదులు వేసే మొరికానె రొప్పుతూ వచ్చాడు. నెల రోజులుగా అతను ఇటు రాలేదు.

"ఏంట్రా ఆ పరుగు, పెళ్లి గానీ కుదిరిందా?"

"నలభై ఏడేళ్లకి నాకెవరిస్తారు గానీ, ముందు ఇది చూడు."

అతను చాపిన ఫొటోలో కోసిన మాంసం ముక్క. ఎరుపు కన్నా తెలుపే ఎక్కువ.

"ఎవరిదిరా ఈ అదృష్టం?"

"నీదే! కికునామి ఆరో దూడ. పెదనాన్న ఆస్పత్రిలో ఉన్నప్పుడు నేను వేరే ఆబోతు సూది వేశానే, అది."

తొకియె చేతిలో బ్రష్ ఆగిపోయింది. "మరి ముందు ఐదూ?"

"అన్నీ పెదనాన్న ముచ్చటపడ్డ తకెమారు పిల్లలే. ఆ ఆబోతు కండ ఇస్తుంది, చార ఇవ్వదు. ఎన్నిసార్లు మొత్తుకున్నా విన్నాడా? దూడలో సగం తండ్రిదే కదా. నువ్వు మాత్రం తల్లిని వదలకు, ఇంకో ఈత ఈనిద్దాం."

ఆమె ఖాళీ గాటి వైపు చూపించింది. పలుపు అక్కడే వేలాడుతోంది. మొరికానె టోపీ తీసి తలవంచాడు.

కాసేపటికి సంత లారీ వచ్చి హారన్ కొట్టింది.

"వెళ్లిపొమ్మని చెప్పరా," అంది తొకియె. పెయ్యను నడిపించి తల్లి గాటి దగ్గర, తల్లి పలుపుతోనే కట్టింది. "ఇది ఎదకొచ్చినప్పుడు సూది నువ్వే ఎంచు. ఆయన దాచిన తకెమారు సూదులు ఒక్కటి కూడా వాడకు."

"ఇది కూడా ఆ దాచిన సూదికి పుట్టిన తకెమారు పిల్లే, పెద్దమ్మా."

"సగం కికునామిదిరా."

ఇంట్లోకి వెళ్లి కికునామి రిజిస్ట్రీ కాగితం తీసింది. దూడప్పుడు, మనిషికి వేలిముద్రలా గుర్తు కోసం, సిరా పూసి తీసిన ముక్కు ముద్ర అందులో ఇంకా నల్లగా ఉంది. దాన్ని బుద్ధుడి అరలో, భర్త ఫొటో పక్కన పెట్టి అగరొత్తి వెలిగించింది. దుఃఖం కన్నా సిగ్గే ఎక్కువగా ఉంది ఆమెకు.

"ఏమండీ," అంది ఫొటోతో. "ఆడలేక మద్దెల ఓడన్నారు మీరు. పక్కన కూర్చుని నేను తాళం వేశాను. మీరైతే పోయారు. దాన్ని పంపింది మాత్రం నేను."