పద్నాలుగో నిమిషం

"ఫ్యాన్ మళ్ల బంద్ చేసినవా? ఆదివారం ఒక్కరోజు ఇంట్ల ఉంట. గాలి గూడ నీ పర్మిషన్‌తోనే ఆడాల్నా?" శ్యామ్‌సుందర్ పేపరుతో విసురుకుంటూ అరిచాడు.

"దాని గరగరకు మాటలు ఇనబడ్తలేవు. బాల్కనీల కూసోండ్రి" అంది అనసూయ.

"గాడ బస్సుల పొగ."

"పొగ వద్దు, చెమట వద్దు. మీకు షాపే మంచిగుంటది, ఏసీల."

అతను అబిడ్స్‌లో ఒక బట్టల దుకాణంలో సేల్స్‌మన్. ఆ జీతంతో నాంపల్లిలోని ఈ రెండు గదుల ఇల్లు గడుస్తుంది. కూతురు సంహిత మెడికల్ కోచింగ్ మాత్రం అనసూయ పని మీదే నడుస్తోంది. ఒక ఏజెన్సీ పంపే రికార్డింగులు విని, ఆమె ఇంట్లోనే టైపు చేస్తుంది. అర్థం కాని మాటను మూడుసార్లు వింటుంది. అప్పటికీ తెలియకపోతేనే 'వినబడలేదు' అని రాస్తుంది. చివర 'విన్నది విన్నట్టు రాశాను' అని సంతకం చేయాలి.

నిన్న పంపిన ఫైలు ఈ ఉదయం తిరిగొచ్చింది. చాదర్‌ఘాట్‌లో ఒక గోదాము కాలి, లోపలున్న ఒక హమాలీ చనిపోయాడు. యజమాని తరఫువాళ్లు అతని భార్య సమ్మక్కను విచారించిన రికార్డింగు అది. 'పద్నాలుగో నిమిషంలో వినబడలేదు అని మార్చండి' అని ఫైలు మీద రాసి ఉంది.

అనసూయ ఫ్యాన్ ఆపి, ఆ చోటును మూడుసార్లు విన్నది.

"ఎనక షట్టరుకు తాళమేసి పోతరు సారూ. తియ్యిమని మా ఆయన రెండుసార్లు చెప్పిండు."

తర్వాత ముక్కు చీదిన చప్పుడు. ఆ తర్వాత మగగొంతు: "సరే, మీ ఊరేదమ్మా?"

మూడుసార్లూ ప్రతి మాటా స్పష్టంగానే ఉంది.

ఏజెన్సీ రత్నాకర్‌కు ఫోన్ చేసింది.

"మంచిగ ఇనబడ్తుంది కదండీ."

"మీకు ఇనబడితే ఏంది మేడమ్? కేసుల పెట్టేది కాగితం, రికార్డింగు కాదు. మార్చకుంటే మా టైపింగు లిస్టుల మీ పేరుండదు. నా చేతుల ఏం లేదు."

"కింద సంతకం నాది."

"సంతకం ఎవడు చూస్తడు మేడమ్?"

పక్కనే నిలబడి విన్న శ్యామ్‌సుందర్ గొంతు తగ్గించాడు. "నువ్వు మార్చకుంటే ఇంకొకరు మారుస్తరు. ఆమెకేమన్న ఒరుగుతదా?"

"ఏం ఒరగదు" అంది అనసూయ.

ఆ రెండు వాక్యాలు చెరిపి 'వినబడలేదు' అని కొట్టింది. వంటింట్లోకి వెళ్లి పప్పు తాలింపు వేసి, తిరిగి వచ్చి మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చుంది.

మధ్యాహ్నం సంహిత అబిడ్స్ ఫుట్‌పాత్ మీద బేరమాడి తెచ్చిన ఫిజిక్స్ పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకునే అన్నానికి కూర్చుంది.

"సగం ధర గూడ పడలేదమ్మా. పేజీలన్నీ ఉన్నయి, చూసుకున్న."

అనసూయ ముగ్గురికీ వడ్డించి, తన కంచం ముందు కూర్చుంది.

"సమ్మక్క మాటలు మళ్ల పెట్టి, ఫైలు పంపేసిన. ఇగ వాళ్ల పని రాదు. సంహితా, వచ్చే నెల నుంచి కోచింగ్ బంద్. ఇంట్లనే చదువుకో."