కుమ్‌గాంగ్ మంచు

సగం కాగితానికి కుంచె తగలనేలేదు, దీన్నా వీళ్ళు ఇంతసేపు చూస్తున్నారు, పైన మూడు శిఖరాల మొనలు, కింద వంగిన ఒక దేవదారు, గుడి చూరు కొస, మధ్యదంతా ఉత్త తెలుపు, ఈమాత్రానికే గోడ మీంచి తన బొమ్మ దించేశారా అనుకున్నాడు మెంగ్ సున్‌దోక్, దించి చుట్టి మూలనున్న జాడీలో నిలబెట్టారు, వాన వెలిశాక గొడుగులా, ఆ చుట్ట దారం కొస బయటికి వేలాడుతూ అతణ్ణే వెక్కిరిస్తోంది, గదిని వెచ్చబెట్టే నేల కింద పొయ్యి మరీ ఎగదోసినట్టున్నారు, లేకపోతే ఈ ఒళ్ళు మంటేమిటి, నామ్‌గుంగ్ దొరవారు గడ్డం నిమురుకుంటూ అబ్బ, ఈ మంచు చూస్తుంటేనే చలేస్తోందయ్యా, నా దూది కోటు తెమ్మనండి అంటున్నారు, పక్కన కూర్చున్న స్నేహితులు పకపకా నవ్వుతున్నారు, ఇవే కొండలతో తను గీసిన బొమ్మ గోడకి తగిలించిన నాడు ఆయన అన్నదేమిటి, భేష్, ఒక్క శిఖరమూ వదల్లేదే, అదే మెప్పనుకుని ఇన్నాళ్ళూ మురిసిపోయాడు.

వదలడమా, ఎలా వదులుతాడు, ఇద్దరూ ఒకే గురువు దగ్గర సిరాకడ్డీ అరగదీసినవాళ్ళు, ఈ బొమ్మ గీసిన తక్ ఇల్‌మున్‌కి కుంచె పట్టుకోవడం నేర్పిందే తను, మణికట్టు కాదురా, మోచెయ్యి ఆడాలి అని గొంతెండిపోయేలా చెప్పేవాడు, ఆ తక్ ఇవాళ చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కొత్తకోడలిలా తల వంచుకు కూర్చున్నాడు, ఆ వినయం చూస్తే మరీ మండుతోంది, పొగరుగా ఉన్నా బాగుండును, తిట్టుకోడానికో వంక దొరికేది, కుమ్‌గాంగ్ కొండలకి ఇద్దరూ కలిసే కదా వెళ్ళారు, ఒకే గుడిలో ఒకే గదిలో పడుకున్నారు, ఒకే కుండలో బార్లీ గంజి తాగారు, ఉన్నన్నాళ్ళూ మంచే, చెయ్యి చాపితే వేళ్ళు కనబడని మంచు, తను గదిలో కూర్చుని ముసలి భిక్షువుని పిలిచి ఏ శిఖరం పక్కన ఏది, దాని పేరేమిటి అని అడిగి బుర్రలో పెట్టుకుంటుంటే వీడేమో బయట అరుగు మీద తడుస్తూ కూర్చున్నాడు, ఒక పొద్దున, ఏం చూస్తున్నావురా అక్కడ, కొండలెప్పుడో లేచిపోయాయి, లోపలికి తగలడు అంటే, అన్నయ్యా, మీరే ఒక్కసారి బయటికి రండి అన్నాడు, తను వెళ్ళాడు, నిలబడ్డాడు, మీసాలు తడిశాయి, ఏముందిరా నీ మొహం అని తిరిగొచ్చి దుప్పటి కప్పుకున్నాడు.

మెంగ్, నువ్వు వీడికి అన్నగారివి, పైగా నీ దస్తూరీ ముత్యాలు, తమ్ముడి బొమ్మ మీద నాలుగు మాటలు రాయి, చోటుకేం కొదవ అన్నారు దొరవారు, బొమ్మ గోడ దిగి నేల మీద పరుచుకుంది, సిరారాయి తన ముందుకు జరిగింది, చిన్నవాడి బొమ్మ మీద పెద్దవాడు రాయడం మర్యాదే, రాసింది మళ్ళీ చెరగదు, బొమ్మ బతికున్నన్నాళ్ళూ ఆ అక్షరాలూ ఉంటాయి, సిరా చిక్కగా అరగదీశాడు, గుడి చూరుకి పైన, సరిగ్గా ఆ తెలుపు నడిబొడ్డున, లావుపాటి అక్షరాలతో ఒక పొగడ్త, చాలు, పొగడ్తే కదా, ఎవరూ తప్పుపట్టలేరు, మంచు మాత్రం అక్కడే చచ్చి ఊరుకుంటుంది, ఉన్నది వట్టి కాగితమేనని తేలిపోతుంది, అప్పుడు ఎవరికి చలేస్తుందో చూద్దాం, ఎక్కడైనా రాయండి అన్నయ్యా, మీ ఇష్టం అన్నాడు తక్, చూపు మాత్రం ఆ తెలుపు నడిబొడ్డునే ఉంది, అంటే వాడికి తెలుసు, తెలిసి కూడా మీ ఇష్టమన్నాడు, మెంగ్ కుంచె ముంచి అంచున ఒత్తి కాగితం మీదికి వంగాడు, ఎక్కడ మొదలుపెట్టాలి, ఇక్కడా, ఇక్కడ దేవదారు కొమ్మ మంచులోకి వెళ్ళింది, గీత లేదు గాని కొమ్మ ఉంది, కొంచెం ఎడమకా, అక్కడ లోయ, అడుగున నీళ్ళ చప్పుడు, పైకా, అది కొండ నడుము, రాస్తే కొండ రెండు ముక్కలవుతుంది, కుంచె మొనన సిరా బొట్టు బరువెక్కుతోంది, ముక్కుకి తడి మట్టి వాసన, చెంపలకి చెమ్మ, చటుక్కున చెయ్యి వెనక్కి లాగాడు, బొట్టు తన తెల్లటి అంగీ చేతి అంచు మీద పడి పాకింది.

చోటు లేదండీ అన్నాడు.

గది గొల్లుమంది, సగం కాగితం ఖాళీగా పడుంటే చోటు లేదంటావేమయ్యా, నా కళ్ళజోడు ఇమ్మంటావా అని దొరవారు పొట్ట పట్టుకు నవ్వుతున్నారు, తక్ ఒక్కడే నవ్వలేదు, తలెత్తి చూశాడు, మెంగ్ ఆ చూపు తప్పించుకోలేదు, కడుపులో మంట చల్లారలేదు, చల్లారదు కూడా, కాకపోతే ఇంతసేపూ అది వీడి చెయ్యి మీదా వీడి అదృష్టం మీదా అనుకున్నాడు, కాదు, తను చూడనిదేదీ వీడు చూడలేదు, ఆ పొద్దున వీడి పక్కనే నిలబడి, రెండు కళ్ళూ తెరుచుకుని, ఇదే, అచ్చం ఇదే తనూ చూశాడు, చూసి, ఏమీ లేదన్నాడు.