అంచున నిలబడ్డవాడు

కేదార్ మోటారుసైకిలు అమ్మేసి కెమెరా కొన్నాడని తెలిసి ఆఫీసులో అందరూ నవ్వారు.

పంజాగుట్టలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగు ఉద్యోగం అతనిది. సొంతూరు కాకినాడ. సెలవు దొరికితే వీధుల వెంట తిరుగుతూ ఫోటోలు తీయడం తప్ప వేరే వ్యాపకం లేదు. చేతిలో చిన్న సెన్సర్ కెమెరా ఉండేది కానీ, మనసంతా పెద్ద సెన్సర్ ఉండే ఫుల్ ఫ్రేమ్ కెమెరా మీదే. కొత్తది కొనాలంటే ఆరు నెలలు పస్తులుండాలి. అందుకని పంజాగుట్టలోనే పాత కెమెరాలు అమ్మే గౌస్ మొహియుద్దీన్ కొట్టు చుట్టూ తిరిగేవాడు.

ఒకరోజు గౌస్ రెండు కెమెరాలు బల్ల మీద పెట్టి, ఒకే లెన్సు మార్చి మార్చి తగిలించి చూపించాడు.

“గదే లెన్సు తమ్మీ, నిలబడ్డ జాగ సుత గదే. నీ చిన్న సెన్సర్ల నడిమి బొమ్మ ఒక్కటే పడ్తది, చుట్టుపక్కల మొత్తం కోసేస్తది. గీ ఫుల్ ఫ్రేమ్‌ల లెన్సుకు కనబడ్డదంత వస్తది. జర చూడు.”

కేదార్ చూశాడు. ఇందాక కనిపించని తలుపూ, గోడ గడియారమూ ఇప్పుడు రెండు అంచుల్లోనూ ఉన్నాయి. వారం తిరక్కుండా బండి అమ్మేశాడు. పాత కెమెరాకు గౌస్ కట్టిన ధర వినలేక దాన్ని మాత్రం ఇంట్లోనే ఉంచుకున్నాడు.

బండి పోయింది కాబట్టి మధురానగర్‌లోని గది నుంచి అమీర్‌పేట మీదుగా ఆఫీసుకు నడకే. సాయంత్రం నడిచి వస్తూ దారిపొడుగునా ఫోటోలు తీసేవాడు. పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్న ఆవిడను తీశాడు. ఇంటికొచ్చి లాప్‌టాప్‌లో చూస్తే, ఎడమ అంచున ఒక కుర్రాడు నిలబడి ఉన్నాడు. బక్కపలచటి మనిషి. లేత నీలం చొక్కా టక్ చేసుకుని, ప్లాస్టిక్ ఫైలు గుండెలకు హత్తుకుని, తల పైకెత్తి బోర్డులు చదువుతున్నాడు. ఉద్యోగం వెతుక్కునే కుర్రాళ్ళు ఆ రోడ్ల మీద కొల్లలు. కేదార్ పట్టించుకోలేదు.

తర్వాతి ఫోటో గాజుల బండిది, చాలా దూరం నడిచాక తీసింది. ఎడమ అంచున అదే కుర్రాడు. ఆ తర్వాత కోచింగ్ సెంటర్ల బోర్డులు గోడంతా కప్పేసిన మేడ. ఎడమ అంచున అదే చొక్కా, అదే ఫైలు.

మర్నాడు కేదార్ ప్రతి ఫోటోకూ ముందు ఎడమవైపు బాగా చూశాడు. అక్కడ ఎవరూ లేరు. ఫోటోలో ఉన్నాడు. వాడిని మధ్యలోకి తెద్దామని కెమెరాను ఎడమకు తిప్పి మళ్ళీ తీశాడు. వాడు నిలబడ్డచోట ఖాళీ పేవ్‌మెంటే వచ్చింది. వాడేమో కొత్త అంచుకు జరిగాడు.

అదే లెన్సు పాత కెమెరాకు తగిలించి చూశాడు. ఏమీ లేదు. వాడు నిలబడే చోటు ఆ కెమెరాకు అందదు, అంతే. అప్పుడు కేదార్‌కు రెండేళ్ళుగా తీసిన ఫోటోలన్నీ గుర్తొచ్చాయి. వాటన్నిట్లోనూ, అంచు తెగిన చోటుకు కాస్త అవతల ఎవరుండేవారో!

ఫుల్ ఫ్రేమ్ కెమెరాను గౌస్ దగ్గరికి తీసుకెళ్ళాడు. గౌస్ లెన్సు విప్పి, సెన్సర్ మీద లైటు వేసి చూశాడు. కొట్టు గుమ్మంలో నిలబడి రోడ్డును తీశాడు. ఎవరూ లేరు. కెమెరా కేదార్ చేతికిచ్చి అదే చోటు నుంచి తీయమన్నాడు. ఎడమ అంచున, కొట్టు మెట్ల పక్కనే, కుర్రాడున్నాడు.

గౌస్ గబుక్కున లెన్సుకు మూత పెట్టేశాడు. “కెమెరాల ఏం లేదు తమ్మీ, మస్తు సాఫ్ ఉన్నది. గా పిలగాడు నీతోని నడుస్తుండు. వాపస్ ఇస్తనంటే తీసుకుంట, ఫికర్ చేయకు.”

ఇచ్చేద్దామనే వచ్చాడు కేదార్. కానీ ఇవ్వలేకపోయాడు. చిన్న కెమెరా పట్టుకుని తిరిగినంత మాత్రాన వాడు పక్కన లేకుండా పోడు కదా.

ఆదివారం పొద్దున ఇంటావిడ అరుణాదేవి బట్టలారేయడానికి డాబా మీదికి వచ్చింది. కేదార్ గది డాబా మీదే. ఆవిడ అమలాపురం మనిషి, టెలిఫోన్స్‌లో పనిచేస్తుంది. భర్త ఉద్యోగం రాజమండ్రిలో. మనిషి మంచిదే కానీ అవసరానికి మించి మాట్లాడదు. తెరిచిన తలుపులోంచి ఆవిడ చూపు లాప్‌టాప్‌లోని ఫోటో మీద పడింది. చేతిలోని తడిబట్ట జారిపోయింది.

“ఆ చొక్కా నేను ఇస్త్రీ చేసింది” అంది.

కేదార్ కుర్చీ వేశాడు. ఆవిడ కూర్చోలేదు.

“మా తమ్ముడు బాబూ. వీరవెంకటసత్యనారాయణ. సత్యం అనేవాళ్ళం. తొంభై తొమ్మిదిలో కంప్యూటర్ కోర్సు చేస్తానని వచ్చాడు. ఉండేది ఈ గదిలోనే. పంజాగుట్టలో ఇంటర్వ్యూ అని ఫైలు పట్టుకుని వెళ్ళాడు. మరి రాలేదు. పోలీసులు వెతికారు, మేమూ వెతికాం. ఇల్లు మారదామని మా ఆయన ఎన్నిసార్లు పోరినా నేను ఒప్పుకోలేదు. ఈ ఊళ్ళో వాడికి తెలిసిన ఇల్లు ఇదొక్కటే.”

ఫోటోలన్నీ వరసగా చూపించమంది. ఏడుస్తుందనుకున్నాడు కేదార్. ఏడవలేదు. ఏది ఎక్కడ తీశావని అడుగుతూ ఒక్కొక్కటీ తేరిపార చూసింది.

“చూడు, బోర్డులు చదువుతున్నాడు. అప్పుడీ ఫ్లైఓవర్ లేదు, ఈ మేడల్లో సగం లేవు. వాడికి దారి తెలియట్లేదు బాబూ. నువ్వు ఈ ఇంటికే వస్తావని ఎలా తెలిసిందో, నీ వెనక పడ్డాడు. మళ్ళీ మళ్ళీ తప్పిపోతున్నాడు.”

“ఏం చేద్దామంటారండీ?” అన్నాడు కేదార్.

“వాణ్ణి తీసుకొద్దాం.”

ఆ సాయంత్రమే ఇద్దరూ ఆటోలో పంజాగుట్ట వెళ్ళారు. అక్కణ్ణుంచి నడక మొదలుపెట్టారు. అరుణాదేవి ముందు నడుస్తూ, పక్కన ఎవరో ఉన్నట్టు చెబుతూ వచ్చింది. “ఇటు రా. ఇదివరకు మనం చెప్పులు కొన్న కొట్టు ఇక్కడే ఉండేది, తీసేశారు. ఇక్కడ రోడ్డు దాటాలి, బస్సు చూసుకో.” జనం ఆవిడను వింతగా చూస్తూ తప్పుకున్నారు. కేదార్ వెనకాలే ఫోటోలు తీస్తూ, ప్రతిదీ కెమెరా తెర మీద చూసుకుంటున్నాడు. అమీర్‌పేట చౌరస్తాలో ఉన్నాడు. మధురానగర్ మలుపులో ఉన్నాడు. ఇప్పుడు బోర్డుల వైపు చూడటం లేదు. అక్క వీపు వైపే చూస్తున్నాడు.

“ఉన్నాడా?” అని ఆవిడ తిరక్కుండానే అడిగేది.

“ఉన్నాడండీ.”

ఇంటి ముందు ఆవిడ గేటు బార్లా తెరిచి నిలబడింది. కేదార్ రోడ్డు మీద నుంచి తీశాడు. తెర మీద ఎడమ అంచున కుర్రాడి చెయ్యి గేటు ఊచను పట్టుకుని ఉంది. మొహం మొదటిసారి ఇటు తిరిగింది. ఇరవై రెండేళ్ళుంటాయేమో. బాగా అలిసిపోయిన మొహం. కేదార్‌కు భయం పోయింది.

ఆవిడ లోపలికి వెళ్ళి కంచం పెట్టి అన్నం వడ్డించింది. ఖాళీ కుర్చీ ఎదురుగా కూర్చుంది. కేదార్ గుమ్మంలో నిలబడి కెమెరా ఎత్తాడు.

అరుణాదేవి చెయ్యి అడ్డం పెట్టింది. “ఇంక తియ్యకు బాబూ. తింటున్నాడు.”

కేదార్‌కు కనిపించింది పొగలు కక్కుతున్న కంచం ఒక్కటే. కెమెరా దించి, చప్పుడు కాకుండా మెట్లెక్కి గదికి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత తీసిన ఏ ఫోటోలోనూ వాడు రాలేదు. అంచులన్నీ మామూలు అంచులే. మొదట్లో ఊపిరి పీల్చుకున్నాడు. కొన్నాళ్ళకు ఫోటో తెరవగానే కళ్ళు ముందు ఎడమవైపుకే వెళ్ళడం గమనించాడు.

కింది వాటాలో మాత్రం మాటలు మొదలయ్యాయి. ఎప్పుడూ ముభావంగా ఉండే మనిషి వంట చేస్తూ కబుర్లు చెప్పేది. నవ్వేది. అవతలి గొంతు ఎప్పుడూ వినిపించలేదు. కానీ ఆవిడ ఆగి, విని, తర్వాత జవాబు చెప్పే తీరులో ఎక్కడా తేడా ఉండేది కాదు. ఒక సాయంత్రం గదికి వచ్చేసరికి మంచం మీద దుప్పటి మడత పెట్టి ఉంది. ఆవిడ పెట్టలేదంది. అంటూ ముసిముసిగా నవ్వింది.

ఆ నెలాఖరుకు కేదార్ శ్రీనగర్ కాలనీలో వేరే గది చూసుకున్నాడు. చెప్తే ఆవిడ నొచ్చుకుంటుందేమో అనుకున్నాడు. “మంచిది బాబూ. ఎలాగూ గది కావాలి మాకు” అంది.

సామాను ఆటోలో సర్దుకున్నాక సెలవు తీసుకోవడానికి వెళ్ళాడు. అరుణాదేవి గేటు దాకా వచ్చింది. అరిటాకులో కట్టిన పులిహోర చేతికిచ్చింది. తర్వాత పక్కకు తిరిగి, చిన్నపిల్లలను గదమాయించినట్టు, “వెళ్ళిపోతున్నాడు. నువ్వూ చెప్పు” అంది.

ఆవిడ ఆగింది. కేదార్ కూడా ఆగాడు. ఎంతసేపు ఆగితే మర్యాదో తెలియలేదు. చివరికి ఆవిడ మొహంలో నవ్వు కనిపించాక, ఆ ఖాళీ వైపు తల ఊపి, “ఉంటానండీ” అని ఆటో ఎక్కాడు.